చైనా పేర్లూ, అవ్వ గంధమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికీ ఉండదనుకుంటాను. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఇప్పుడెవరైనా నన్ను "డేటాబేసులో చైనా అక్షరాలు పెట్టగలవా" అని అడిగితే "చూడాలండీ, ఎక్కడెక్కడ ఏం పెట్టారో ఏమో" అని నసుగుతాను. అప్పుడు మాత్రం అడిగినాయన మాట పూర్తికాకముందే "మూడు రోజులు చాలు సార్" అనేశాను. ఆ మూడు రోజులు మూడు వారాలైన సంగతి చాలామందికి చెప్పి నవ్వించాను. దాని వెనకాలే ఒక పెద్దావిడ మీద నింద పడనిచ్చిన సంగతి మాత్రం ఇంతవరకూ బయట ఎవరికీ చెప్పలేదు. (మా ఆయనకి సగం తెలుసు. ఆ సగం నాకు అనుకూలమైన సగం.)

మద్రాసు చూలైలో కుట్టుమిషన్ల విడిభాగాలు టోకున అమ్మే కంపెనీ అది. కింద షాపు, వెనక గోదాము, రెంటికీ నడుమ మెట్ల కింద నాలుగు బల్లలు పట్టే ఆఫీసు, మేడ మీద యజమాని కాపురం. వాళ్ళ తాతలు ఎప్పుడో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, షాపులో తమిళం, కోపంలో రెండూ. యజమానిని అందరం తమిళ అలవాటు ప్రకారం ముదలాళి అనేవాళ్ళం. ఎనభై ఏళ్ళ ఆయన తల్లి ఆఫీసుకంతటికీ అవ్వ. గోదాము చూసే పెద్దాయనకి బాబిన్ మామ అని పేరు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇనప ముక్కల మధ్యే బతికి, కళ్ళు మూసుకుని చేత్తో తడిమి ఇది ఏ మిషను భాగమో చెప్పగల మనిషి. వీళ్ళందరి మధ్యకి కంప్యూటర్ డిగ్రీ పట్టుకుని నేను వెళ్ళాను. మూడు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తామన్నారు. మా నాయన పురసవాక్కంలో చీరల షాపులో సేల్స్‌మన్. చీర మడత విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ "మా పాపకి కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది" అని చెప్పుకునేవాడు. ఆ ఉద్యోగం ఇంకా పూర్తిగా రాలేదని నేను ఆయనకి చెప్పలేదు. అందుకని దాన్ని ఎలాగైనా రప్పించుకోవలసిన అవసరం నాకు చాలా ఉండేది.

మా సరుకులో ముప్పాతిక వంతు చైనా నుంచి వచ్చేది. ఆర్డరు ఇంగ్లీషులో పంపేవాళ్ళం, చిక్కంతా అక్కడే. మనం ఇంగ్లీషులో నీడిల్ ప్లేటు అని ఒక్క ముక్క రాస్తే, అక్కడ ఆ పేరుకి సరిపడే వస్తువులు ఐదారు ఉంటాయి. తోలు కుట్టేదానికి ఒకటి, పల్చని గుడ్డకి ఒకటి, రెండు సూదులదానికి ఇంకొకటి. నేను చేరకముందు అంబత్తూరులో బట్టలు కుట్టే యూనిట్ల కోసం తెప్పించిన రెండు పెట్టెల ప్లేట్లు అంబత్తూరులోనే కాదు, మద్రాసు మొత్తంలో ఏ మిషనుకీ పట్టలేదట. ముదలాళి వాటిని గోదాములో అడుగు పెట్టగానే కనిపించే అరలో పెట్టించారు, అందరికీ బుద్ధి రావడానికి. చైనా ఫ్యాక్టరీ తరఫున మాతో ఈమెయిళ్ళు నడిపే అమ్మాయి ఒకతె ఉండేది. బాబిన్ మామ ఆమెని చైనా చెల్లెలు అనేవాడు. ఆర్డరులో ప్రతి వస్తువు పక్కనా చైనా పేరు కూడా ఉంటే తమ గోదాము వాళ్ళు పొరపాటు పడరు అని ఆమె రాసింది. ముదలాళి ఆ ఈమెయిలు నాకు చూపించి, మన కంప్యూటర్లో వస్తువుల పట్టీ ఉంది కదా, దాంట్లోనే చైనా పేర్లు కూడా పెట్టగలమా అన్నారు. నేను మూడు రోజులన్నది అప్పుడే.

పేర్లు పోగుచెయ్యడం బాబిన్ మామ పని. ఒక్కొక్క భాగాన్నీ నూనె తుడిచి, తెల్ల తువ్వాలు మీద పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసేవాడు. (తువ్వాలు ప్రతి సోమవారం ఉతికినది కావాలి. చైనావాళ్ళ ముందు మన పరువు పోకూడదని ఆయన పట్టు.) ఆ ఫోటోలు నేను పంపితే చైనా చెల్లెలు పేర్లు టైపు చేసి తిప్పి పంపేది. చూడముచ్చటగా ఉండేవి ఆ అక్షరాలు, ఒక్కొక్కటీ చిన్న ఇల్లు కట్టినట్టు. నేను వాటిని కాపీ చేసి మా పట్టీలో పెట్టి, సేవ్ నొక్కి, మళ్ళీ తెరిచి చూస్తే ఆ ఇళ్ళన్నీ కూలిపోయి వరసగా నాలుగు ప్రశ్నార్థకాలు ఉండేవి. మళ్ళీ పెడితే మళ్ళీ ప్రశ్నార్థకాలు. మొదటి రోజు ఫాంటు లేదనుకున్నాను, ఫాంటు ఎక్కించాను. రెండో రోజు కంప్యూటర్ పాతదనుకున్నాను. మూడో రోజు చైనా చెల్లెలినే అనుమానించాను. నా గడువు ముగిసిన ఆ సాయంత్రం బాబిన్ మామ నా వెనక నిలబడి, కళ్ళజోడు పైకి నెట్టి, తెర వంక చాలాసేపు చూశాడు.

"ఏం పాపా, మనం వాళ్ళని పేరడిగితే, వాళ్ళు మనల్ని ఎదురు ప్రశ్నలు అడగతా ఉండారే" అన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు నేను ఇంటర్నెట్లో చదవని పేజీ లేదు. చివరికి అర్థమైందేమిటంటే, కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. మా డేటాబేసు దగ్గర ఉన్నది పాతకాలపు పట్టిక, అందులో ఇంగ్లీషు అక్షరాలూ, ఐరోపా వాళ్ళవి కొన్నీ తప్ప ఇంకేమీ లేవు. చైనావాళ్ళకి వేలకు వేల అక్షరాలు. వాటన్నిటినీ, మన తెలుగునీ, అరవాన్నీ కూడా పట్టించుకునే పెద్ద పట్టిక ఇంకొకటి ఉంది, దాన్ని యూటీఎఫ్-8 అంటారు. అది వాడమని చెబితే చాలు. కాకపోతే ఒక్కచోట చెబితే చాలదు. సరుకు దాచే గోదాముకి చెప్పాలి, అందులో ఒక్కొక్క అరకీ చెప్పాలి, అంతటితో అయిపోలేదు, సరుకు లోపలికి తీసుకునీ బయటికి ఇచ్చే గుమ్మం దగ్గరి మనిషికీ చెప్పాలి. నేను గోదాముకి చెప్పాను, అరలకి చెప్పాను. గుమ్మం మనిషికి చెప్పడం మరిచిపోయాను. తనకి తెలియని అక్షరం వచ్చినప్పుడల్లా ఆ మహానుభావుడు దాన్ని తీసి పక్కన పారేసి, దాని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి లోపలికి పంపిస్తున్నాడు.

సరే, ఆ గుమ్మం మనిషికి చెప్పడానికి రెండు దారులున్నాయి. డేటాబేసు నడుస్తుండగానే ఒక లైను టైపు చేసి నోటిమాటగా చెప్పొచ్చు. లేదా దాని సెట్టింగుల ఫైలులో ఆ లైను రాతపూర్వకంగా పెట్టొచ్చు. నోటిమాట చెప్పిన క్షణం నుంచి పనిచేస్తుంది గాని, డేటాబేసుని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే మరిచిపోతుంది. రాసిందైతే ఎప్పటికీ ఉంటుంది. రెండూ చెయ్యమని నేను చదివిన ప్రతి పేజీలోనూ రాసి ఉంది. నేను నోటిమాట చెప్పాను. మొట్టమొదటి చైనా పేరు చెక్కు చెదరకుండా తెర మీద నిలబడింది. కుర్చీలోంచి లేచి బాబిన్ మామకి కరచాలనం చేశాను. (ఆయన చేతి నిండా నూనె.) ఫైలు జోలికి మాత్రం పోలేదు. ఎందుకంటే అంతకుముందు వారం ఇంకేదో ప్రయత్నంలో ఆ ఫైలు తెరిచి, ఎక్కడో ఒక అక్షరం తక్కువ రాసి, డేటాబేసు లేవనంటే లేవనని భీష్మించుకుంటే, సగం రోజు షాపులో బిల్లులన్నీ చేత్తో రాయించాను. ఆ పొద్దున ముదలాళి నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. మళ్ళీ ఆ ఫైలు ముట్టుకుంటే ఒట్టు అనుకున్నాను. అయినా డేటాబేసు ఉన్న నా బల్ల దగ్గరి కంప్యూటరుని ఆపేదెవరు? పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది, కరెంటు పోతే బ్యాటరీ ఉంది. ఈ లోకంలో దాన్ని ఆపే ప్రాణి లేదని నిశ్చింతగా ఉన్నాను.

నాలుగు వందల పేర్లు ఎక్కించడం పూర్తయ్యేసరికి ఆయుధపూజ వచ్చింది.

మద్రాసులో పనిచేసినవాళ్ళకి ఆయుధపూజ గురించి చెప్పక్కర్లేదు. మనకి అన్నం పెట్టే పనిముట్టు ఏదైనా సరే, ఆ రోజు దానికి స్నానం, బొట్టు, పూలు, ఆ తర్వాత విశ్రాంతి. మర్నాడు విజయదశమి పొద్దున దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆటోలకి అరటి పిలకలు కడతారు, త్రాసులకి బొట్టు పెడతారు, వీధి వీధంతా బూడిదగుమ్మడికాయలు పగిలి జారుతుంటుంది. మా కంపెనీలో ఆ పూజ అవ్వ సొంత సొత్తు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఏడాది మొదలుపెట్టి, అప్పటికి అరవై ఏళ్ళుగా ఏ ఏడూ తప్పకుండా ఆవిడే చేస్తున్నారట. రెండు రోజుల ముందునుంచే గంధం తీయడం మొదలుపెట్టేవారు, రాయి మీద చెక్కని అరగదీసి అరగదీసి. ఆ రోజు తెల్లవారగానే తలంటుకుని, తెల్ల చీర కట్టుకుని, చేతిలో గంధం గిన్నెతో మెట్లు దిగి వస్తుంటే ముదలాళితో సహా అందరం లేచి నిలబడ్డాం. గోదాము తాళం చెవులకి, తూకం మిషనుకి, బాబిన్ మామ స్కేలుకి, బిల్లుల పుస్తకాలకి, ఒక్కొక్కదానికీ పేరుపేరునా గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగారు.

"ఇది నిద్రపోయి ఎన్నాళ్ళయింది పాపా?" అన్నారు.

ఇది ఆపకూడదవ్వా, ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి అన్నాను. అవ్వకి ఆ మాట నచ్చలేదు. ఎద్దుకి కూడా ఒక దినం సెలవుంటుంది, దీనికెందుకు ఉండకూడదన్నారు. ముదలాళి నవ్వుతూ, ఆపు తల్లీ, రేపు పొద్దున దాకా దీనితో పనేముంది అన్నారు. నాకూ ఆ ఉత్సాహం అంటుకుంది. నా స్వహస్తాలతో, భక్తిశ్రద్ధలతో, కళ్ళకి అద్దుకుని మరీ ఆ కంప్యూటరుని ఆపేశాను. నోటిమాట సంగతి నాకు ఆ క్షణంలో తలపుకే రాలేదు. అవ్వ దానికి గంధం అద్ది, కుంకుమ పెట్టి, చామంతి పువ్వొకటి తురిమారు. అందరికీ శనగల సుండలు, అంటే మన గుగ్గిళ్ళే, మరమరాలు పంచారు. బయట గుమ్మడికాయ కొట్టారు. నేను రెండు పొట్లాలు తీసుకుని ఇంటికి పోయాను.

ఆ వారమంతా చైనాలోనూ ఏవో సెలవులు. విజయదశమి రోజున వాళ్ళ ఫ్యాక్టరీ తెరుస్తారు, ఆ మధ్యాహ్నం లోపల మా ఆర్డరు చేరాలి. చేరకపోతే ఓడలో మా పెట్టెకి అట్టిపెట్టిన చోటు ఇంకొకరికి పోతుంది, అంబత్తూరు యూనిట్లకి ఏడాది చివరి ఎగుమతి పని మా వల్ల ఆగిపోతుంది. నా మూడు నెలలు నిండేది కూడా ఆ వారమే. కాబట్టి ఆ పొద్దున నేను కొత్త చుడీదారు వేసుకుని, పూలు పెట్టుకుని, ఉద్యోగం ఖాయమైన మొహంతో ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటర్ ఆన్ చేశాను. ఆర్డరు తీశాను. మొదటి వస్తువు పక్కన నాలుగు ప్రశ్నార్థకాలు. రెండోదాని పక్కన మూడు. కిందికి జరుపుకుంటూ పోతే నాలుగు వందల వస్తువులకీ అవే.

మూసి మళ్ళీ తెరిచాను, అవే. ముదలాళి వచ్చారు, చూశారు, మొహం ఎర్రబడింది. ఏం చేశావని అడుగుతారనుకుని నేను నోరు తెరిచేలోపల ఆయన చూపు తెర అంచున ఎండిపోయిన గంధం మీద పడింది. అక్కణ్ణుంచి నేరుగా మెట్ల మీద కూర్చుని పూలదండ విప్పుతున్న అవ్వ మీదికి పోయింది.

"కంప్యూటర్‌కి నీళ్ళ గంధం పెడతారా అమ్మా ఎవురైనా? ఇదేమన్నా రోకలా, తిరగలా?" అన్నారు.

ఆయన తల్లితో అలా మాట్లాడటం నేను అదే మొదలు వినడం. అందరూ నా వంక చూశారు, చదువుకున్న పిల్ల ఏమంటుందోనని. నేను ఆ చూపులకి తట్టుకోలేక, శాస్త్రం తెలిసినదానిలా మొహం పెట్టి, తేమ లోపలికి పోయి ఉండొచ్చు సార్ అన్నాను. అప్పటికి నాకు నిజంగా కారణం తెలియదు, ఆ మాట వరకూ ఒప్పుకుంటాను. కానీ తేమ పోతే కంప్యూటర్ ఆగిపోతుందే గాని, తక్కినదంతా చక్కగా చూపిస్తూ చైనా పేర్లని మాత్రం ఏరుకుని పాడుచెయ్యదని నాకు తెలుసు. అవ్వ విప్పిన పూలు కొంగులో పోసుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, మెల్లగా మేడెక్కి వెళ్ళిపోయారు.

పది నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నాక నాకు వెలిగింది. గుమ్మం మనిషి నిద్రపోయి లేచాడు, నేను చెప్పిన నోటిమాట మరిచిపోయాడు. పేర్లన్నీ లోపల అరల్లో ఎక్కడివక్కడ భద్రంగానే ఉన్నాయి. బయటికి ఇచ్చేటప్పుడు ఆయనకి ఆ అక్షరాలు తెలియక ప్రశ్నార్థకాలు అందిస్తున్నాడు, అంతే. ఆ ఒక్క లైను మళ్ళీ టైపు చేస్తే చాలు. చెయ్యడానికి అర నిమిషం పట్టదు. చేతులు కీబోర్డు మీద పెట్టాను. ముదలాళి వెనకే నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఒక్క లైనుతో బాగుచేస్తే, అంత సులువైనది ముందే ఎందుకు చెయ్యలేదని అడుగుతారు. అడిగితే నిజం చెప్పాలి. నిజం చెబితే సగం రోజు బిల్లులు చేత్తో రాయించిన పొద్దు గుర్తొస్తుంది ఆయనకి. నాకు చీర మడతపెడుతున్న మా నాయన గుర్తొచ్చాడు.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కొంచెం దూది, స్పిరిటు తెప్పించండి సార్ అన్నాను. బాబిన్ మామ గోదాములోంచి పరుగున తెచ్చిచ్చాడు. నేను డాక్టరమ్మలా చుడీదారు చేతులు పైకి మడిచి, తెర అంచున ఉన్న గంధాన్ని దూదితో ఒక్కొక్క చుక్కా తుడిచాను. వెనక వైపు వైర్లు ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టాను. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఫ్యాను కూడా ఆపించాను. (ఎందుకో నాకే తెలియదు, ఆ సందర్భానికి బాగుంటుందనిపించింది.) ఆఖర్న ఏదో పరీక్షిస్తున్నట్టు కూర్చుని ఆ ఒక్క లైనూ టైపు చేశాను. ప్రశ్నార్థకాలు పోయి చైనా పేర్లు వరసగా లేచి నిలబడ్డాయి. ఏడు వస్తువులకి మాత్రం రాలేదు. నేను తల పట్టుకు కూర్చున్న కాసేపట్లో బాబిన్ మామ స్టాకు సరిచేస్తూ ఆ ఏడింటినీ గోదాములో ఉన్న తన కంప్యూటర్‌లో తెరిచి సేవ్ నొక్కేశాడు, దాంతో ప్రశ్నార్థకాలే నిజంగా లోపలికి పోయాయి. ఆ ఏడూ చైనా చెల్లెలు మళ్ళీ పంపింది. ఆర్డరు గడువులోపలే వెళ్ళింది. ముదలాళి నా భుజం తట్టి, మా అమ్మ పాడుచేసిందాన్ని పిల్ల బాగుచేసిందని షాపులో అందరికీ చెప్పారు. ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయమైన కాగితం చేతిలో పెట్టారు. మా నాయన దాన్ని జేబులో పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళాడు.

మర్నాడు నేను చేసిన మొదటి పని ఆ ఫైలు తెరిచి లైను రాయడం, నాలుగుసార్లు అక్షరం అక్షరం సరిచూసుకుని. అంతటితో మనసు తేలిక పడాలి. పడలేదు. అవ్వ కిందికి దిగడం మానేశారు. రోజూ దీపాలవేళ సాంబ్రాణి పొగ పట్టుకుని వచ్చి, షాపంతా తిరిగి, ఒక్కొక్కరినీ తిన్నావా అని అడిగి వెళ్ళేవారు. ఇప్పుడు పొగా లేదు, ఆవిడా లేరు. మిషన్ల మధ్య పొగ ఎందుకులే అన్నారట. ముదలాళి కూడా వచ్చే ఏటి నుంచి పూజ మేడ మీదనే చాలన్నారు. బాబిన్ మామ ఊరుకున్నాడు గాని, తన స్కేలు మీది గంధం మాత్రం తుడవలేదు. ఎవరూ నన్ను ఏమీ అనకపోవడమే భరించలేకపోయాను. పది రోజులకి ఒక మధ్యాహ్నం భోజనం డబ్బా మూతపెట్టి, తిన్నగా మేడెక్కాను.

అవ్వ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. రా పాపా కూర్చో అన్నారు. కూర్చుని, ఏడుపు గొంతుతో మొత్తం చెప్పేశాను. గుమ్మం మనిషి, నోటిమాట, ఫైలు, దూది, స్పిరిటు, అన్నీ. మీ గంధం వల్ల కాదవ్వా, నా వల్ల అన్నాను. ఆవిడ పిక్క తీయడం ఆపలేదు.

"నాకు తెలుసులే. నేను గంధం పెట్టింది ఆ టీవీ మాదిరి ఉండేదానికేగా. కింద బల్ల సందులో ఉండే పెట్టె కాడికి వొంగను నాకేడవుతుంది, ఈ మోకాళ్ళతో? పేర్లు ఆ పెట్టెలో ఉంటాయని బాబిన్ మామ ఎప్పుడో చెప్పినాడు."

గంధం పడ్డది ఉత్త తెర మీద. కింద ఉన్న అసలు కంప్యూటరుని ఆవిడ ముట్టుకోనే లేదు. అంత చదువుకున్నదాన్ని, దూదితో ఆ తెరనే తుడిచి వచ్చాను. మరి ఆ రోజు మీ అబ్బాయికి ఎందుకు చెప్పలేదవ్వా అని అడిగాను.

"చెప్తే నీ మిందికొస్తుంది గదా. నీది కొత్త ఉద్యోగం. నన్నెవురు తీసేస్తారు?"

అంటూ ఆవిడ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఆ చింతపండు ముందు కూర్చుని బాగా ఏడ్చాను. మరి కిందికెందుకు రావడం లేదవ్వా అంటే చేతిలోని చింతపండు పక్కన పెట్టారు. నీ మింద నాకేం లేదు పాపా, అరవై ఏండ్లు చేసినదాన్ని కన్నకొడుకు నలుగురిలో అట్ల అనేసినాడే అన్నారు మెల్లగా. ఇప్పుడే వెళ్ళి సార్‌కి చెప్పేస్తానని లేచాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఎంతైనా నాలుగు తరాల వ్యాపారపు ఇంటి మనిషి. సరుకు రానీ, వాడు పెట్టె విప్పి చూసినాక చెప్పు, ఇప్పుడు చెప్పి వాడు కోపంలో నిన్ను పంపించేస్తే ఆ చైనా పేర్లు ఆడెవురు చూసుకుంటారు అన్నారు.

నెలకి సరుకు వచ్చింది. ముదలాళి తనే మొదటి పెట్టె విప్పించారు. బాబిన్ మామ కళ్ళు మూసుకుని, ఒక్కొక్కటీ చేత్తో తడిమి, సరి, సరి, సరి అంటూ పక్కన పెట్టాడు. ఒక్కటీ తప్పు రాలేదు. అందరూ టీలు తాగుతుండగా నేను ముదలాళి బల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడే, తడుముకోకుండా చెప్పేశాను. రాత్రంతా బట్టీ పట్టిన మాటలు కాబట్టి ఆగకుండా వచ్చాయి. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"ఆ లైను ఇప్పుడన్నా ఫైల్లో రాసినావా?"

"రాసినాను సార్" అన్నాను.

సరే పో అన్నట్టు తల ఊపారు. నేను నా బల్ల దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పులు మెట్ల కింద విడిచి మేడెక్కుతున్నారు. పైన ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ రోజు దీపాలవేళకి మెట్ల మీద సాంబ్రాణి వాసన వచ్చింది, వెనకే అవ్వ వచ్చారు. అందరినీ అడిగినట్టే నన్నూ తిన్నావా అని అడిగారు. ఆ కంపెనీలో ఆ తర్వాత ఆరేళ్ళు పనిచేశాను.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలో, అద్దాల మేడలో, ఇలాంటి పట్టికలూ గుమ్మాలూ సరిచూసే పనిలోనే ఉన్నాను. తప్పు నాదైనప్పుడు ముందుగా చెప్పేస్తానని నాకు కాస్త మంచి పేరుంది. అది ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఒక్కోసారి ఎగ్మోరు వైపు పోతూ చూలై మీదుగా వెళ్ళినప్పుడు, దూది చేత్తో పట్టుకుని ఫ్యాను ఆపించిన ఆ పిల్ల కళ్ళముందు మెదులుతుంది. అది ఇప్పుడు ఎదురుపడితే ఏం చెయ్యాలా అని ఆలోచిస్తాను. రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. అంతలోనే, పాపం ఎంత భయపడిందో అని, పక్కన కూర్చోబెట్టుకుని ఒక మంచి కాఫీ ఇప్పించాలనీ అనిపిస్తుంది. ఎక్కువసార్లు కాఫీయే గెలుస్తుంది.